యశవతి అక్క ఓడిపోయిన మర్నాడు

యశవతి అక్క పార్లమెంటుకు నిలబడతానన్నప్పుడు మా మొనరాగల జిల్లాలో నవ్వని వాళ్ళు లేరు. ఆవిడ సర్కారు మంత్రసాని. తెల్లచీర కట్టుకుని సైకిలు మీద ఊరూరా తిరిగేది.

హల్మిల్ల ఏటికి అవతలి ఊళ్ళ ఆడవాళ్ళు కాన్పుకి ఆసుపత్రికి రావాలంటే తెప్పే గతి. ఒక వానాకాలం ఏరు పొంగి తెప్ప కదల్లేదు. అవతలి గట్టున ఒకమ్మాయి నొప్పులు పడుతుంటే, అక్క ఇవతల నిలబడి ఏం చెయ్యాలో గొంతు చించుకుని చెప్పింది. నీటి హోరులో ఒక్క మాటా అందలేదు. బిడ్డ బతికాడు, తల్లి పోయింది. చావుకి గుర్తుగా ఆ పిల్ల వీధిలో కట్టిన తెల్ల జెండాలు తీయకముందే అక్క ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది.

"ఇంట్లోనే కుదురుగా కూర్చోవు, పార్లమెంటులో ఏం కూర్చుంటావే!" అని ఆవిడ మొగుడు అభయరత్న వేళాకోళం చేశాడు. చేస్తూనే, కితుల్ చెట్టు కల్లుతో బెల్లం కాచే పని పక్కన పెట్టి పోస్టర్లకి జిగురు కాచాడు.

ప్రచారమంతా నా ఆటోలోనే. ఏ గుమ్మం ముందు ఆగినా, ఆవిడ చేతుల్లో పుట్టిన పిల్లలు ఎదురొచ్చేవాళ్ళు. గెలిచింది.

సభలో వంతెన సంగతి ఎత్తగానే ఎదుటి వరసలోంచి ఒకాయన, "ఇది కాన్పుల గది కాదమ్మా!" అని అరిచాడట.

"కాదు కాబట్టే, ఇంత అరిచినా ఏమీ పుట్టట్లేదు" అందట అక్క. ఆ మాట మా టీకొట్లలో చాలాకాలం నడిచింది.

ఆఖరికి వంతెన మంజూరైంది. స్తంభాలు లేచాయి. ఇంతలో ప్రభుత్వం పడిపోయింది, పని ఆగిపోయింది. మళ్ళీ ఎన్నికలొస్తే అక్క ఓడింది. గెలిచిన విజేసుందర మొక్కజొన్న వ్యాపారి. అతని మనుషులు అక్క వాకిట్లోనే టపాసులు పేల్చారు.

మర్నాడు పొద్దున్నే అక్క తలస్నానం చేసి, తమలపాకుల కట్ట చేత పట్టుకుని నా ఆటో ఎక్కింది.

"గుడికా అక్కా?"

"విజేసుందర ఇంటికి."

"నీకేమైనా మతిపోయిందా? పరువు పోతుంది!"

"నిన్ననే పోయింది కదరా. ఇంకేం మిగిలింది పోవడానికి? పోనీ బండి."

ఆ ఇంట్లో గెలిచిన సంబరానికి పాలన్నం వండారు. మా వైపు పెద్దలకి గౌరవంగా ఇచ్చేట్టు అక్క రెండు చేతులా తమలపాకులు అందిస్తుంటే విజేసుందర గబుక్కున లేచి నిలబడ్డాడు. వాళ్ళ అమ్మాయికి కాన్పు చేసింది కూడా అక్కే మరి.

"మహత్తయా" అని మర్యాదగా పిలిచి, "ఆ వంతెన పూర్తి చెయ్యండి" అంది.

"చేస్తే జనం నీ వంతెనే అంటారు కదక్కా?" అన్నాడతను, నేలచూపులు చూస్తూ.

"అనరు. మీదేనని ఇంటింటికీ వెళ్ళి నేనే చెబుతాను."

అతను లోపలికి వెళ్ళాడు. పాలన్నం పళ్ళెం తనే తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

అక్క అన్నంత పనీ చేసింది. అతను పని మొదలుపెట్టించాడు. ప్రారంభం నాడు రాయి మీద అతని పేరు బారెడు అక్షరాల్లో ఉంది, అక్క పేరు లేదు. నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం జనంలో నిలబడి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని అవతలి గట్టుకేసి చూస్తోంది.

రిబ్బను కత్తిరించాల్సిన అమాత్యుడు ఇంకా రాలేదు. అంతలో అటువైపు నుంచి ఒక ఆటో వచ్చి రిబ్బను ముందు ఆగింది. లోపల నిండు చూలాలు, పళ్ళు బిగబట్టి మూలుగుతోంది.

"అయ్యగారు వచ్చి కత్తిరించాక వెళ్ళండి" అన్నాడు పోలీసు.

అక్క నోరు తెరిచేలోగా విజేసుందర పరుగున వెళ్ళి రిబ్బను ముడి తనే విప్పేశాడు. "అక్కా, నువ్వు కూడా ఎక్కు!" అని కేకేశాడు. అక్క చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆటోలో దూరింది. వెనక మళ్ళీ రిబ్బను కట్టారు. అమాత్యుడు వచ్చి దర్జాగా కత్తిరించే వేళకి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది.

మా దగ్గర ఒక్కో జిల్లా నుంచి కొందరు సభ్యులు గెలుస్తారు; తర్వాతి ఎన్నికల్లో మా జిల్లా నుంచి వీళ్ళిద్దరూ గెలిచారు, వేర్వేరు పార్టీల నుంచి. సభలో పోట్లాడుకుంటారు. ఇప్పుడు అక్క అవతలి గట్టుకి ఒక మంత్రసానిని వెయ్యమని అడుగుతోంది. నిన్న ఫోన్‌లో, "ఈసారి విజేసుందర కూడా నాతో పాటు చెయ్యెత్తాడురా" అని చెప్పింది. గొంతులో నవ్వు వినిపించింది.