బుల్లెమ్మ జబ్బు, బంగారురాజు నాలుక

మా తోటికోడలు బుల్లెమ్మకి జబ్బు చేస్తే, ఏలూరు డాక్టరుగారు చూసింది ఆవిడ మొగుడు, మా బావగారు బంగారురాజు నాలుక. నవ్వకండి. ఆ రోజుల్లో మా కొల్లేటికోటలో వైద్యం అలాగే జరిగేది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. ఏలూరు వెళ్లాలంటే దోనె ఎక్కి కొల్లేరు దాటాలి, గట్టున దిగాక బండి దొరికితే బండి, లేకపోతే కాళ్లు. పొద్దున్నే బయల్దేరితే దీపాలవేళకి ఇల్లు చేరతాం. జబ్బు మనిషిని అంత దూరం ఎండలో తిప్పితే జబ్బు ముదురుతుందని మావాళ్లకి గట్టి నమ్మకం. అందుకని మంచం పట్టిన మనిషిని ఇంట్లో ఉంచి, గట్టిగా ఉన్న మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లేవాడు. "మా ఇంట్లో ఫలానా మనిషికి ఇలా ఉందండి" అని చెప్పి, సీసాలో మందు పోయించుకుని వచ్చేవాడు. ఏలూరు డాక్టరుగారి వరండాలో మా ఊరివాళ్లని చూస్తే పెళ్లికొచ్చినట్టు నవనవలాడుతూ ఉండేవాళ్లు.

బుల్లెమ్మకి రెండో ఆడపిల్ల పుట్టాక, నెలకోసారి రావలసింది నెలంతా రావడం మొదలైంది. ఎవరికీ చెప్పుకోలేదు. నాకు మాత్రం తెలుసు. గుడ్డలు ఉతకడానికి ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం కదా, నా కళ్లు కప్పడం ఎవరి తరం? రానురాను మనిషి ఎంత పాలిపోయిందంటే, కొంగల మధ్య నిలబెడితే పోల్చుకోలేం. చేపల గంప నెత్తికెత్తుకుని నాలుగడుగులు వేస్తే కూలబడిపోయేది. ఒకరోజు వల లాగుతూ కళ్లు తిరిగి నీళ్లలో పడింది. నేను జుట్టు పట్టుకుని పైకి లాగాను. గట్టుమీద చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. ఇది ఇలాగే సాగితే ఆ ఇద్దరు పిల్లలూ తల్లి లేనివాళ్లయి నా ఒళ్లో పడతారని అప్పుడు అర్థమైంది నాకు. నా పిల్లలే నన్ను పీక్కుతింటున్నారు, ఇంకా ఇద్దరా!

"బావకి చెప్పవే అక్కా" అన్నాను.

"ఏమని చెప్పనే? మగోడికి చెప్పే సంగతా ఇది?"

చివరికి మొగుడితో "నీరసంగా ఉందయ్యా" అని మాత్రం అంది.

బంగారురాజు మంచివాడు. మంచితనం తప్ప ఇంకో వస్తువు లేదు ఆ మనిషి దగ్గర. డాక్టరుగారికని బతికున్న కొర్రమీనుల్ని కుండలో వేసుకుని ఏలూరు వెళ్లాడు. సాయంత్రానికి సీసాతో వచ్చాడు. సీసాకి మోతాదు గీతలు కత్తిరించిన కాగితం అంటించి ఉంది.

"పూటకో గీత తాగాలంట. బీడీలు మానెయ్యాలంట. కల్లు అస్సలు ముట్టకూడదంట" అన్నాడు.

"ఎవరు?"

"నువ్వే."

"నేనెప్పుడు తాగానయ్యా కల్లు?"

"నాకేం తెలుసు? అంత పెద్ద డాక్టరు ఊరికే అంటాడా?" అని అనుమానంగా చూశాడు పెళ్లాం వైపు. ముంతలు ముంతలు తాగేది తను, అనుమానం ఆవిడ మీద!

పాపం, ఆ చేదు నీళ్లన్నీ తాగింది బుల్లెమ్మ. వేపాకు నమిలినట్టు మొహం పెట్టుకుని తిరిగింది గానీ గుణం లేదు. అప్పుడు మా అత్తగారు పెద్దింటమ్మ లేచింది. "మగోళ్లకి చెప్పడం చేతనవదు, నేనెళ్తా" అని కొప్పు బిగించి వెళ్లింది. ఆవిడా సీసాతో వచ్చింది. ఈసారిది తైలం.

"ఎచ్చజేసి మోకాళ్లకి రాయాలంట. మెట్లు ఎక్కకూడదంట."

మా పూరింటికి మెట్లెక్కడివి? బుల్లెమ్మ సీసా పక్కన పెట్టి అత్తగారి మొహంలోకి చూసింది.

"అత్తా, నిజం చెప్పు. డాక్టరుగారు గొట్టం ఎవరికి పెట్టాడు?"

"నాకే పెట్టాడు. స్టూలు మీద కూచుంది నేనే కదా."

"జబ్బు నీది కాదని చెప్పలేదా?"

"అంత పెద్దాయన చెవులకి గొట్టం తగిలించుకుని మీదకి వంగితే, ఒద్దు బాబూ అంటామేంటే? ఏం బాగుంటుంది?"

బుల్లెమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆయన తల వంచుకుని వల అల్లుకుంటున్నాడు.

"నీకూ పెట్టాడా?"

"నాలుక కూడా చూశాడు" అన్నాడు, తల ఎత్తకుండానే.

బుల్లెమ్మ నవ్వడం మొదలెట్టింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆయాసం వచ్చి గోడకి చేరగిలబడింది. అంత నవ్వినా మొహంలోకి రక్తం రాలేదు. ఉంటే కదా రావడానికి.

"గణపవరం సంతలో చేప కొనేవాళ్లు కూడా మొప్ప ఎత్తి చూస్తారు. నన్ను మాత్రం ఒక్కడూ చూళ్లేదు. రేపు నేనే ఎళ్తా" అంది.

"ఆడదానివి, ఆ సంగతులన్నీ మగ డాక్టరుకి చెప్తావా?" అంది అత్తగారు.

"ఏ సంగతులు అత్తా? నీరసమే కదా నాది?"

అత్తగారు కొప్పు ముడేసుకుంటూ లోపలికి పోయింది. ఆవిడకీ అంతా తెలుసన్నమాట. తెలిసీ మోకాళ్ల తైలం తెచ్చింది మహాతల్లి.

మర్నాడు బుల్లెమ్మ, బంగారురాజు, చంటిదాన్ని ఎత్తుకుని నేను, ముగ్గురం బయల్దేరాం. ఏలూరులో కాంపౌండరు సత్యానందం మా బావని చూసి "వచ్చావా, కూర్చో" అని స్టూలు చూపించాడు. అలవాటుగా కూర్చోబోయాడు కూడా ఆయన! బుల్లెమ్మ ఆయన రెక్క పట్టుకుని పక్కకి లాగి తను కూర్చుంది.

డాక్టరుగారు బల్ల మీద ఏదో వెతుక్కుంటూనే, "ఏమయ్యా, ఎలా ఉంది?" అని బావని అడిగారు.

"ఏవండీ డాక్టరుగారూ, జబ్బు నాదండి" అంది బుల్లెమ్మ. "ఆయన్ని చూసేశారు, మా అత్తని చూసేశారు. ఇంక మా ఇంట్లో మిగిలింది నేనూ, మేకానండి."

అప్పుడు తలెత్తారాయన. బుల్లెమ్మ ఉన్నదంతా చెప్పింది, ఎప్పట్నుంచి, ఎంత, ఎలా. సత్యానందం మందు సీసాల వైపు తిరిగిపోయాడు. మా బావ బయటికి వెళ్లి వరండా స్తంభం వెనక నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే డాక్టరుగారు చెడ్డమనిషి కాదు. కింది కనురెప్ప లాగి చూశారు, గోళ్లు చూశారు.

"ఇది నేను చూసేది కాదమ్మా. తాడేపల్లిగూడెంలో కనకరత్నంగారని ఆడ డాక్టరున్నారు. ఇవాళే వెళ్లండి."

"ఇవాళే ఎందుకండీ? ఆలస్యమైతే ఏమవుద్ది?"

ఆయన కళ్లు బావ కోసం వెతికాయి. బావ స్తంభం వెనక ఉన్నాడు.

"నాకే చెప్పండి, ఏం పర్లేదు" అంది బుల్లెమ్మ.

"ప్రాణం పోతుందమ్మా."

"అలా చెప్పండి మరి. ఇన్నాళ్లకి నా జబ్బు గురించి నాతో ఒక్క మాటన్నారు" అని లేచింది.

అలా అన్న మనిషే, రైలెక్కాక చంటిదాన్ని నా ఒళ్లోంచి లాక్కుని, గూడెం వచ్చేదాకా మళ్లీ ఇవ్వలేదు.

కనకరత్నంగారు పొట్టి మనిషి, కోపం మాత్రం పొడుగు. "ఇప్పుడా తీసుకొచ్చేది!" అని ముందు మమ్మల్నందర్నీ వరసపెట్టి తిట్టి, బుల్లెమ్మని తెర వెనక్కి తీసుకెళ్లి పరీక్ష చేసింది. చెయ్యి కడుక్కుని, తెర తీసి, "ఈమె భర్త ఎవరు? ఇలా రావయ్యా, నీతో మాట్లాడాలి" అంది.

బల్ల మీంచి బుల్లెమ్మ కేకేసింది.

"డాక్టరమ్మగారూ! ఆయనకి చెప్పకండి. ఆయనకి చెప్తే ఆ మందు కూడా ఆయనకే రాసేస్తారండి!"

సంగతేమిటని డాక్టరమ్మ అడిగితే నేను చెప్పాను, నాలుకతో సహా. ఆవిడ నవ్వు ఆపుకోలేక తెర పట్టుకుంది. తరవాత స్టూలు లాక్కుని బుల్లెమ్మ పక్కనే కూర్చుంది.

"గర్భసంచిలో గడ్డ ఉంది. అదే రక్తం పోగొడుతోంది. కోసి తీసెయ్యాలి."

"గడ్డా? సంచా?"

"వీలైతే గడ్డే. వీలు కాకపోతే సంచి కూడా. కోస్తేగాని చెప్పలేను."

"సంచి తీసేస్తే వల లాగగలనా?"

"బాగా మానాక లాగుతావు. పిల్లలు మాత్రం పుట్టరు."

"మీ చేతుల మీద ఎంతమంది పోయారండీ?"

నేను బుల్లెమ్మ కాలు గిల్లాను. డాక్టరమ్మకి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కిటికీలోంచి బయటికి చూసి, "ఒకామె పోయింది. నీకన్నా ఆలస్యంగా వచ్చింది" అంది.

"సరేనండి. కొయ్యండి" అంది బుల్లెమ్మ. ఎవరూ పోలేదని చెప్పి ఉంటే ఇంటికొచ్చేసేదాన్నని తరవాత నాతో అంది.

మా బావ మాత్రం చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "మగపిల్లాడు లేడండి... అమ్మనొకసారి అడిగి..."

"మీ అమ్మని అడిగితే మోకాళ్ల తైలం తెస్తుంది" అంది బుల్లెమ్మ. "సంచి దాచుకుని నన్ను తగలేస్తావేంటయ్యా? రేపు సంచి వండుద్దా నీకు? సంచి లాగుద్దా వల?"

ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చెప్పానుగా, మంచివాడు. నర్సు వేలిముద్రకి కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. బుల్లెమ్మ చెయ్యి చాపింది.

"కోసేది నా పొట్ట. ముందు నా వేలు."

"భర్తది ఉండాలమ్మా, రూలు" అంది నర్సు.

"ఆయనదీ ఎయ్యండి. నా కింద."

అలాగే వేశారు. కాస్త రక్తం పట్టేదాకా సూదులు వేసి అక్కడే ఉంచి, తరవాత కోశారు. మత్తు వద్దు, మెలకువగా ఉండి చూస్తానని పేచీ పెట్టింది బుల్లెమ్మ. "నువ్వు చూస్తుంటే నాకు చెయ్యాడదే తల్లీ" అని డాక్టరమ్మ దణ్ణం పెడితే అప్పుడు ఒప్పుకుంది. సంచి పోయింది, మనిషి దక్కింది. మెలకువ రాగానే తీసింది చూపించమంది. పళ్లెంలో పెట్టి చూపించారు. "ఇంతేనా! ఇంత దానికా నన్ను ముంచబోయింది!" అని మళ్లీ నిద్రపోయింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు వాకిలంతా గంతులేసుకుంటూ తిరుగుతోంది. ఊరికే పోవడమెందుకని ఆ తైలం తన మోకాళ్లకే రాసుకుందట, నొప్పి తగ్గిందట. బుల్లెమ్మ అది విని కొంచెం ఆలోచించింది.

"చెల్లే, అత్తకి ఇచ్చిన మందు అత్తకి పనిచేసిందంటే, ఈయన నాలుక చూసి ఇచ్చిన మందు ఎవరిదే?"

ఇద్దరం బావ వైపు చూశాం. అప్పుడు గమనించాం, కళ్లలో పసుపు. ఆ సీసా మందంతా ఈవిడ తాగేసె!

బుల్లెమ్మ పొట్ట మానగానే మొగుణ్ని దోనె ఎక్కించి ఏలూరు తీసుకెళ్లింది. నేనూ వెళ్లాను, చూడకుండా ఎలా ఉంటాను? ఈసారి స్టూలు మీద బంగారురాజునే కూర్చోబెట్టింది. డాక్టరుగారు ఆయన్ని చూసి, వెంటనే వెనక నిలబడ్డ బుల్లెమ్మని చూసి, జాగ్రత్తగా అడిగారు.

"అమ్మా, ఈసారి జబ్బు ఎవరిది?"

"ఎవరు కూచున్నారో వాళ్లదేనండి."

"ఏమిటి బాధ?"

బావ అలవాటుగా పెళ్లాం వైపు తిరిగాడు. బుల్లెమ్మ గోడ మీద వేలాడుతున్న కేలండరు చూస్తోంది. నా వైపు తిరిగాడు. నేనూ కేలండరే చూశాను. సత్యానందం వైపు తిరిగితే, వాడు నవ్వు దాచుకోలేక సీసా కడుగుతున్నాడు.

చివరికి మా బావ డాక్టరుగారి వైపే తిరిగాడు.

"కల్లండీ..." అన్నాడు. "నేనేనండి తాగేది."