పచ్చగాజుల పళ్లెం

అమీర్‌పేట సందులో మేడమీది గదిలో ఉష కరెంటు బట్టీలో అద్దపు ముక్కలు కరిగించి పళ్లేలు చేస్తుంది. మూత తీసేముందు ప్రతిసారీ తడి చెయ్యి చున్నీకి తుడుచుకుంటుంది. తండ్రి పోయినప్పుడు తల్లి కాంతవ్వ చేతులకున్న పచ్చగాజులను చుట్టాలు పగలగొడితే, ఆ ముక్కలను ఉష ఏరి దాచింది. వాటిని పళ్లెంలో పొదిగి అమ్మకివ్వాలని ఒకటే పట్టుదల. ఎంత నిదానంగా చల్లార్చినా, ఆ గాజుముక్కల చుట్టూనే పళ్లెం చిట్లుతోంది.

"ఆ ముక్కలు తీసేయొచ్చుగా అమ్మాయ్?" అన్నారు కింది వాటా కుసుమకుమారి గారు, తొంగిచూస్తూ.

"ఎరుకే ఆంటీ, అద్దం ఒక తీరు ముడుచుకుంటది, గాజు ఒక తీరు. కానీ అవి లేకుంటే ఇగ పళ్లెం ఎందుకు?"

ఈసారీ పగిలింది. కాంతవ్వ బోసి చేత్తో ఆ పగులు తడిమింది. "వాళ్లు ఒక్కసారే పలగ్గొట్టిన్రు బిడ్డా. నువ్వెన్నిసార్లు పలగ్గొడ్తవ్?"

మిగిలిన ముక్కలు తల్లి చేతిలో పెట్టి, ఉష బట్టీ మూసింది.