పెన్సిలు ఆగినచోట

మా చెల్లి బడి చదువు ముగించి, కాలేజీలో చేరేముందు ఒక ఏడాది ఆగింది. ఊరికే కూర్చోవడమెందుకని తను చదివిన బడిలోనే పూర్తికాలం ట్యూటరుగా చేరింది. పాఠం చెప్పేది టీచరు. వెనకబడ్డ పిల్లల పక్కన బుల్లి కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని, అదే పాఠం మళ్లీ చెప్పేది మా చెల్లి. ఆ బడి వ్యాను నడిపేది నేను. కాలేజీ మధ్యలో వదిలేసినవాణ్ణి కనక, ఇంట్లో దాని ఏడాదికి విరామమనీ నా ఏళ్లకు బలాదూరనీ పేరు.

దానికి అప్పగించినవాళ్లలో పిచ్చుక అని ఒక పిల్ల. తీసివేతలంటే బిక్కచచ్చిపోయేది. ఈసారి పరీక్ష తప్పితే స్నేహితురాళ్లంతా పై తరగతికి పోతారు, తనొక్కతే మిగిలిపోతుంది. చెల్లి పట్టుబట్టింది. బల్లమీద అంకెల పట్టీ పరిచి, దానిమీద పెన్సిలు వెనక్కి నడిపిస్తూ నేర్పింది. కొన్నాళ్లకు పిచ్చుక టకటకా చెప్పేస్తోంది. ఇక చెల్లిని పట్టలేం.

"మట్టిబుర్రన్నారు అన్నయ్యా దాన్ని!"

"నన్నూ అన్నారు. నా పక్కన ఎవరూ కూర్చోలేదు."

"కూర్చునుంటే వాళ్ల బుర్రా పోయేది."

రాతపరీక్షంటే బిగుసుకుపోయే పిల్లల్ని హెడ్ మేడమే పిలిచి నోటితో అడుగుతారు. ట్యూటరు పక్కన కూర్చుని, పిల్ల లెక్కపెడుతుంటే అంకెల పట్టీమీద పెన్సిలు నడపొచ్చు. పిచ్చుక అన్నీ సరిగ్గా చెప్పింది. చివరి లెక్కలో ఉండగా, బండి తీసే వేళయిందని చెప్పడానికి నేను తలుపు తోశాను. చెల్లి ఇటు తిరిగింది. చేతిలో పెన్సిలు పట్టీమీద ఎక్కడో ఆగిపోయింది. పిచ్చుక ఆ అంకెనే గట్టిగా, నవ్వుతూ చెప్పింది.

తప్పు.

"ఒకటి పోతే ఏముందిలే, పాసైనట్టే," అన్నారు మేడం. గుమ్మంలో నిలబడ్డ పిచ్చుక వాళ్లమ్మ ముఖం వెలిగిపోయింది. చెల్లి ముఖం మాత్రం పాలిపోయింది. పిల్లతోపాటు తనూ మనసులో లెక్కపెట్టుకుంటూ ఇన్నాళ్లూ అలవాటుకొద్దీ సరైన అంకె దగ్గర పెన్సిలు ఆపుతోందన్నమాట. పిల్ల నేర్చింది తీసివేత కాదు, ఆ పెన్సిలును చూడటం.

నోరు మూసుకుంటే గడిచిపోయేదే. నేనైతే మూసుకునేవాణ్ణి.

"మేడం, నేను దూరంగా నిలబడతాను. మళ్లీ అడగండి," అంది చెల్లి.

అడిగారు. పిచ్చుక పట్టీ వంక చూడనేలేదు. గోడ దగ్గర నిలబడ్డ చెల్లి చేతులవంకే చూస్తూ ఉండిపోయింది. మేడం కళ్లజోడు తీసి, "ఇంకో ఏడాది ఇక్కడే ఉండనిద్దాం," అన్నారు.

వరండాలో వాళ్లమ్మ కేకలేయలేదు. వేసుంటేనే నయంగా ఉండేది. "నువ్వు నేర్పలేకపోతే, అది పిల్ల ముందే బయటపెట్టాలా తల్లీ?" అని మాత్రం అడిగి, పిల్లను వ్యానెక్కమని తను పనిలోకి వెళ్లిపోయింది.

వ్యానులో పిచ్చుక వచ్చి చెల్లి పక్కనే కూర్చుంది.

"అక్కా, నువ్వు ఆపినచోటే కదా చెప్పాను?"

"అవునే."

"మరి నాదెలా తప్పయింది?"

"నీది కాదే, నాది," అంది చెల్లి. ఆ మాట పిల్ల కళ్లలోకి చూసి అనలేకపోయింది.