ఠాణా మెట్లెక్కిన మా చిన్నమ్మ

చిన్నమ్మ పోయిందన్న కబురు పోయిన నెల ఒక పొద్దున దుకాణంలో పాలప్యాకెట్లు సర్దుతుంటే వచ్చింది. వనపర్తి దవాఖాన నుంచి చిన్నమ్మ కూతురు, మా చెల్లె ఫోన్ చేసింది. "అన్నా, అమ్మ పాయె" అన్నది. ఆయాసం ఎక్కువై నాలుగు రోజులుగా చిన్నమ్మ అక్కడే ఉంది. ముందు రోజు సాయంత్రం చూడడానికి పోతే, మూతి మీద ఉన్న గొట్టం పక్కకు జరిపి, "దుకాణం ఎవ్వరి మీద ఇడిసొచ్చినవ్? పో" అని తిట్టింది. తిట్టే ఓపిక ఉంది కదా, ఇంక భయం లేదనుకుని వచ్చేశాను.

చిన్నమ్మ అంటే మా నాయన తమ్ముడి భార్య. పెద్దమందడి దగ్గర మా ఊళ్లో నాది కిరాణా దుకాణం, ఆమెది మా ఇంటి వెనుక ఇల్లు. చిన్నాయన చిన్న వయసులోనే పోతే మూడెకరాల మెట్ట చెల్క, రెండు ఎద్దులు, ఒక్క కూతురితో సంసారం ఈదింది. నోట్లో ఆకువక్క లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. ఎవరింటికి పోయినా ముందు వాళ్ల గొడ్ల సంగతి అడిగి, తర్వాతే మనుషుల సంగతి అడిగేది. అదేంది చిన్నమ్మా అంటే, "మనిషికి బాగలేకుంటే మనిషే చెప్తడు. ఆవు చెప్పదు గదా" అనేది. చదువు రాదు. అయినా ఏ కాయితం ముట్టుకోవాలన్నా ముందు చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకునేది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనసు మెత్తబడాలంటారు. నాకు మాత్రం ఆమెను తలచుకుంటే ముందు కోపమే వస్తుంది. మా ఊరి పెద్దమనుషుల మీద, వాళ్లతో పాటు నా మీద.

ఆమె చెల్కకు పోవడానికి ఉన్నది ఒక్కటే బండ్లబాట. అది ఒక పెద్దమనిషి పొలం అంచున పోతుంది. పదిహేనేళ్ల కింద దుక్కులప్పుడు ఆయన ట్రాక్టర్ పెట్టించి బాటను దున్ని పొలంలో కలుపుకున్నాడు. వేరుశనగ పీకే నాటికి చిన్నమ్మకు బండి పోయే దారి లేదు. మూటలు నెత్తిన పెట్టుకుని గట్ల మీద మోసుకుంది. చివరికి పంచాయితీ అడిగింది. తీర్పు చెప్పడానికి కూర్చున్న ఐదుగురిలో బాట దున్నిన పెద్దమనిషి కూడా ఉన్నాడు. అదేమని పంచాయితీకి ముందు విడిగా అడిగితే, ఆయన లేకుండా మన ఊళ్లో పంచాయితీ ఎప్పుడైందని నన్నే ఎదురు అడిగారు. దొంగ చేతికి తాళం ఇవ్వడం అంటే ఏమిటో మా ఊరికి వచ్చి చూడాలి.

మా పంచాయితీల్లో ఆడవాళ్లు కూర్చోరు. గోడ అవతల నిలబడి వింటారు. వాళ్ల తరఫున ఇంటి మగవాడు మాట్లాడాలి. చిన్నాయన లేడు కాబట్టి నన్ను కూర్చోబెట్టారు. పోయేముందు చిన్నమ్మ నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పింది. "మూడు మాటలు చెప్పు, సాలు. బాట మా మామ కాలం నుంచి ఉన్నది. నాకు ఇంకో తొవ్వ లేదు. దున్నినోడే తీర్పు చెప్పొద్దు."

నేను మొదటి మాట చెప్పాను. రెండోది సగం చెప్పాను. అంతలో పెద్దమనిషి, "ఒంటి ఆడమనిషికి ఎవుసం ఎందుకు? కౌలుకిచ్చి ఇంట్ల కూసోమను. నేనే చేస్త" అన్నాడు. అని నా వైపు తిరిగి, "ఏమంటవ్?" అన్నాడు. అప్పుడు నా దుకాణం ఉన్నది ఆయన మల్గీలోనే, కిరాయికి. "సరే" అన్నాను. చిన్నమ్మ ఒప్పుకున్నదని కాయితం రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. మూడో మాట నా కడుపులోనే ఉండిపోయింది.

ఇంటికొస్తే చిన్నమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఎద్దులకు కుడితి పెడుతూ, తల తిప్పకుండానే, "నా నోరు నీకిస్తిని కొడుకా. నువ్వు మూసుకొని వస్తివి" అన్నది. చెయ్యి ఎత్తకుండా నన్ను కొట్టిన దెబ్బ అదొక్కటే.

తెల్లారి మొదటి బస్సుకు ఆమె ఠాణాకు పోయింది. పోలీసులను నేను పొగడబోవడం లేదు. మూడు రోజులు బెంచీ మీద కూర్చోబెట్టారు. "మీ పెద్దమనుషులతోనే మాట్లాడుకోపో అవ్వా" అని ఎస్సై రెండుసార్లు పంపించాడు. కాయితం కూడా ఆమెనే కొనుక్కు రమ్మన్నారు. నాలుగో రోజు ఆమె ఎస్సైని వదిలేసి ఎవరెవరినో అడుక్కుంటూ పై ఆఫీసరు దగ్గరికి పోయి దరఖాస్తు ఇచ్చొచ్చింది. ఎందుకింత తిరుగుడు అని నేను గొణిగితే చెప్పింది. "ఎస్సై ఇనకుంటే ఆయన మీద ఇంకోడున్నడు. ఆయన ఇనకుంటే ఆయన మీద ఇంకోడు. ఈ పెద్దమనుషుల మీద ఎవడున్నడు రా? దేవుడు. దేవుడు దరఖాస్తు తీసుకోడు."

ఊరి మాట కాదని ఠాణా మెట్లెక్కడమే ఆమె చేసిన నేరమైంది. ఐదుగురు మళ్లీ కూర్చున్నారు. ఆమెతో ఎవరూ మాట్లాడొద్దు, నీళ్ల నల్లా దగ్గరికి రానివ్వొద్దు, దుకాణంలో సరుకు ఇవ్వొద్దు, ఇచ్చినోడికి జుర్మానా అన్నారు. ఇది నడుస్తోందో లేదో చూడడానికి కర్రలిచ్చి నలుగురు పడుచోళ్లను కావలి పెట్టారు. అట్లా మా ఊరికి సొంత కోర్టే కాదు, సొంత పోలీసులు కూడా వచ్చారు. జీతం లేదు, టోపీ లేదు. తప్పు చేస్తే అడిగేవాడు అసలే లేడు.

రెండో రోజు చిన్నమ్మ దుకాణానికి వచ్చింది. కావలివాళ్లలో ఇద్దరు నా బల్ల మీదే కూర్చుని ఉన్నారు. ఉప్పు అడిగింది. ఉప్పు బస్తా నా మోకాలికి తగులుతోంది. "లేదు" అన్నాను. ఆమె బస్తాను చూసింది, నన్ను చూసింది. "ఉప్పు లేని దుకాణం ఇప్పుడే చూస్తిని కొడుకా" అని, పెద్దమందడి తొవ్వ పట్టి నడుచుకుంటూ పోయింది. ఆ పూట నేను అన్నం తినలేకపోయాను. తినలేకపోతే ఆమెకేం ఒరిగింది? ఉప్పు ఇస్తే ఒరిగేది.

పన్నెండో రోజు జీపు వచ్చింది. పై నుంచి కాయితం దిగిందట. అదే ఎస్సై. నెల కింద ఆ పెద్దమనిషి ఇంట్లోనే చాయ తాగిన మనిషి. ఐదుగురినీ పిలిపించి, చిన్నమ్మ మూడు రోజులు కూర్చున్న బెంచీ మీదే కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం నల్లా దగ్గర కర్రలు లేవు. ఎస్సై మంచివాడైపోయాడని ఎవరూ అనుకోవద్దు. రాక తప్పలేదు కాబట్టి వచ్చాడు. నాకు కావలసిందీ అదే. మంచివాడు కాకపోయినా, ఇష్టం లేకపోయినా రాక తప్పనట్టు చేసేది ఒకటి ఊరికి బయట ఉండాలి.

బాట సంగతి మాత్రం వనపర్తి కోర్టులో ఆరేళ్లు నడిచింది. వాయిదా రోజున జొన్నరొట్టె మూట కట్టుకుని, కాయితాలు ఎరువుల సంచిలో చుట్టుకుని బస్సెక్కేది. ఎన్నోసార్లు పేరు పిలిచి, ఇంకో తారీఖు ఇచ్చి పంపించేవాళ్లు. నాకు విసుగొచ్చేది, ఆమెకు రాలేదు. మొదటిసారి పోయొచ్చి ఎంత సంబరపడిందో నాకింకా గుర్తుంది. "బంట్రోతు బయటికొచ్చి నా పేరు పిలిచిండు రా. ఫలానోని పెండ్లాం అనలే, ఫలానదాని తల్లి అనలే. నా పేరే. మూడుసార్లు గట్టిగ పిలిచిండు." ఆ పేరు ఊళ్లో ఎవరి నోటా నేను వినలేదు. మాకందరికీ ఆమె చిన్నమ్మే.

పంచాయితీలో నేను సంతకం పెట్టిన కాయితాన్ని అవతలి వకీలు కోర్టులో చూపించాడు. దాంతో నాకు సమన్లు వచ్చాయి. పెద్దమనిషి నన్ను పిలిపించి పోవద్దన్నాడు. "సర్కారు పిలుస్తున్నది, పోకుంటే పట్టుకపోతరంట. నేనేం జెయ్యాలె?" అని ఏడుపు మొహం పెట్టాను. లోపల మాత్రం ప్రాణం లేచొచ్చింది. నాలాంటి పిరికివాడికి నిజం చెప్పడానికి కూడా ఒక సాకు కావాలి. ఆ సాకు సర్కారు ఇచ్చింది. బోనులో నిలబడి, "మా చిన్నమ్మ ఒప్పుకోలేదు సార్, నేను భయపడి సరే అన్న" అని చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బయటికొచ్చాక చిన్నమ్మ రొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టింది. "ఇయ్యాల నోరు తెరిస్తివి. తిను." ఆ నెలే పెద్దమనిషి నా దుకాణం ఖాళీ చేయించాడు. ఇంటి ముందు రేకులు వేసుకున్నాను. చచ్చిపోయానా ఏం?

బాట వచ్చింది. సర్వేయరు కొలిచి రాళ్లు పాతించాడు. ఆ ఏడు ఆమె వేరుశనగ ట్రాక్టర్ మీద ఇంటికొచ్చింది. తర్వాత ఎనిమిదేళ్లకు పైగా ఆ బాటనే నడిచింది. పెద్దమనిషి ఎదురైతే, "మీ ఎద్దుకు కాలు నయమైందా?" అని అడిగేది. నాకు ఒళ్లు మండేది, ఆమె నవ్వేది.

పదకొండో దినం భోజనాలయ్యాక, హైదరాబాదులో సెక్యూరిటీ కంపెనీలో పనిచేసే చెల్లె కొడుకు, మా మేనల్లుడు ఒక మాటన్నాడు. "ఆరేండ్లు తిప్పిండ్రు మామా ఒక బాటకు. బడులు ప్రైవేటైనయ్, దవాఖాన్లు ప్రైవేటైనయ్. కోర్టులు, పోలీసులు ఎందుకు కావద్దు? ఒకటి నచ్చకుంటే ఇంకోటి చూసుకోవచ్చు. ఇప్పుడైతే కంచె చేను మేస్తున్నది గదా."

పిల్లవాడు చెడ్డవాడు కాదు. కానీ నాకు మండింది. "కంచె చేను మేస్తే కంచెను బాగుచేసుకుంటం. కంచె పీకి ఎద్దునే కావలి పెడ్తమా?" అన్నాను. "నచ్చిన కోర్టు చూసుకోవచ్చంటున్నవ్. ఎవరికి నచ్చినది? ఆ పెద్దమనిషికి నచ్చిన దాంట్ల మీ అమ్మమ్మ గోడ అవతల నిలబడ్డది. ఆమెకు నచ్చిన దాంట్లకు ఆయన ఎందుకొస్తడు? ఎవ్వడు పట్టుకొస్తడు? మీ కంపెనీ గార్డా? వాళ్ల గార్డులు ఎక్కువుంటే? కర్రున్నోడిదే బర్రె. నువ్వు కొత్తగ పెడ్తనంటున్న దుకాణం మాకు పాతదే, నాయనా." అల్లుడు ఏదో అనబోయాడు.

అంతలో వాకిట్లోకి ముగ్గురు వచ్చారు. ముందు ఆ పెద్దమనిషి. ఇప్పుడు ముసలివాడయ్యాడు, నడక తగ్గింది. కుర్చీలు వేయించాను. చిన్నమ్మ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. చెప్పి, "కోర్టు బాట ఇచ్చింది ఆమెకు. ఆమెతోనే పాయె. ఇంక కాయితాలు, వాయిదాలు ఎందుకు? మనం మనం కూసొని తగువు తెంపుకుందం" అన్నాడు. నా వైపు తిరిగి, "ఏమంటవ్?" అన్నాడు.

ఇన్నేళ్లయినా ఆ మాటకు నాకు అట్లాగే భయమైంది, దాచుకోవడం ఎందుకు. "చెల్క చెల్లెది. ఆమెనడుగుండ్రి" అన్నాను.

"ఆడపిల్ల, కొల్లాపూర్ల ఇచ్చినం, ఆమెకేం తెల్సు? నువ్వు చెప్పు."

"ఆమెనడుగుండ్రి" అని మళ్లీ అన్నాను.

చెల్లె వంటింట్లోంచి బయటికొచ్చింది. మోచేతుల దాకా గిన్నెలు తోమిన బూడిద. అల్లుడు లేచి తన కుర్చీ జరిపాడు. ఆమె అందులో కూర్చుని, "చెప్పు పెద్దనాయనా. ఏం తెంపుదమంటవ్?" అన్నది.

పెద్దమనిషి ఆమె వైపు తిరగకుండా, నేను సరే అంటానని నా మొహంలోకే చూస్తూ ఉన్నాడు. చెల్లె తడి చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుంది.