లేసుల్లేని చెప్పులు

సికింద్రాబాద్‌లో చాయ్ కప్పులు ఏటా కొంచెం కొంచెంగా చిన్నవవుతున్నాయి. సాసర్లు మాత్రం పాత సైజులోనే ఉన్నాయి, బహుశా మనల్ని ఓదార్చడానికి. సీతాఫల్‌మండిలో మా సందు చివరి హోటల్లో నేనీ మాట అన్నప్పుడల్లా మా ఎదురింటాయన గట్టిగా తలూపేవాడు. రైల్వేలో రిటైరైన మనిషి. పదేళ్లుగా షుగర్ ఉన్నా, అడిగి మరీ ఇంకో చెంచా చక్కెర వేయించుకునేవాడు. అలాంటివాడు ఓ ఉదయం "చక్కెర ఒద్దు" అన్నాడు.

నాకు అనుమానం వచ్చింది. ఆయనకు ఆరోగ్యం మీద అంత హఠాత్తుగా గౌరవం కలగడం మంచి లక్షణంలా తోచలేదు.

భార్యాభర్తలిద్దరికీ హజ్ యాత్రకు తీసే లాటరీ తగిలిందని తర్వాత తెలిసింది. మక్కాలో కాబా చుట్టూ ఏడుసార్లు తిరగాలి కాబట్టి, రోజూ గ్రౌండులో ఏడు రౌండ్ల ప్రాక్టీసు మొదలుపెట్టాడు. తోడు నేను. అయిదో రౌండులో ముఖం పాలిపోయేది. గట్టు మీద కూలబడి, వంగి, "లేసు ఊడిందన్నా" అనేవాడు. ఆయన వేసుకునేవి చెప్పులు. లేసు కట్టుకునేదాకా ఆగేవాణ్ణి.

"డాక్టరేమన్నాడు భాయ్?"

"ఫిట్టన్నడు."

"షుగర్ సంగతి?"

"ఈసారి ఎండలు జెర ఎక్కువున్నయి కదన్నా."

హజ్‌కు బయలుదేరేముందు తెలిసినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి మాఫీ అడగడం ఆనవాయితీ. భార్యతో కలిసి మా ఇంటికీ వచ్చాడు.

"అన్నా, ఇన్నేండ్లల్ల తెల్సో తెల్వకో ఏమన్న తప్పు చేసుంటే మాఫ్ చెయ్యి."

"ఏ తప్పో చెప్పకుండా ఎలా భాయ్? ముందు ఆ లేసు సంగతి చెప్పు."

"ఏం లేసు?" అంది భాభీ. గ్రౌండు సంగతి నేనే చెప్పాను.

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఫారంలో షుగర్ లేదని రాశాడట. రెండు రోజులు పస్తుండి పరీక్షకు రక్తమిచ్చాడట. సూట్‌కేసులో షుగర్ గోళీలు కనబడితే ఎయిర్‌పోర్టు నుంచే వెనక్కి పంపుతారని, వాటిని అల్మారాలోనే వదిలేశాడట. అక్కడ నలభై రోజులు, ఆ ఎండలో, గోళీల్లేకుండా.

"అయితే మాఫ్ చెయ్యను."

"హజ్‌కు పొయ్యేటోన్ని ఎవరన్న కాదంటరా?"

"నేనంటా. డాక్టర్‌కి నిజం చెప్పి, గోళీలూ మందుల చీటీ తెచ్చి చూపించు. అప్పుడు అన్ని తప్పులూ హోల్‌సేల్‌గా మాఫ్."

"మాఫీకి సుత షరతులా! ఏందన్నా గిది?"

మర్నాడు సాయంత్రం ఇద్దరూ మళ్లీ వచ్చారు. డాక్టర్ బాగానే తిట్టాడట, కానీ వెళ్లొద్దనలేదు. మెడలో వేలాడే సంచీ విప్పి చూపించాడు: గోళీలు, కొత్త చీటీ, షుగర్ పడిపోతే చప్పరించడానికి చాక్లెట్లు, షుగర్ పేషెంటునని రాసిన కార్డు. నేను ఉదారంగా మాఫ్ చేశాను. కాసేపు నా మీద నాకే మంచి అభిప్రాయం కలిగింది.

ఆయన లేచాడు. భాభీ లేవలేదు.

"భాయ్‌సాబ్, లేసుల్లేని చెప్పులు మీరు నెల సంది చూస్తున్నరు. నాకొక్క మాట ఎందుకు చెప్పలే?"