మా నాయన నోట్లో ఎవరిదో గొంతు

నిన్న టీవీలో పాత సినిమా వేస్తే మా నాయన కనిపించాడు. కిరీటం, మీసం, ఆ పెద్ద కళ్ళు అన్నీ ఆయనవే. గొంతు మాత్రం ఆయనది కాదు. టీవీ ఆపేశాను. కోపం మాత్రం ఆగలేదు.

మన బాగేపల్లి వాళ్ళకు గుర్తుందా? నాయన రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే మనం చాపల మీద ఎగిరి కూర్చునేవాళ్ళం. మొహానికి పూసిన రంగు, కొబ్బరినూనె కలిసిన వాసన మన దాకా వచ్చేది. పెద్దవాళ్ళు "వన్స్‌మోరప్పా!" అని అరిచేవాళ్ళు.

ఆ గొంతు విని సినిమావాళ్ళు మద్రాసుకు పిలిచారు. పద్యాలు బాగానే పాడాడట. మాట దగ్గర మన యాసలోనే "నా రాజ్యం యాడుండాది?" అనేశాడట. అందరూ పడీపడీ నవ్వారట. ఆయన మొహం ఉంచుకుని గొంతు తీసి పారేశారు. ఆ సంగతి ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ సినిమా పక్కనున్న చింతామణి ఊళ్ళో టెంటు హాలుకు వస్తే ఊరంతా బస్సెక్కి పోయాం. తెర మీద నాయన నోరు తెరిచాడు.

"నాయనా, ఇది నీ గొంతు కాదు గదా?" అన్నాను.

"సుమ్నుండమ్మా, అరవొద్దు, జనం వింటాండారు" అన్నాడు.

మళ్ళీ ఆయన వేషం కట్టలేదు. చచ్చేదాకా పద్యం ఎత్తలేదు.

ఆ గొంతు నా కొడుక్కి వచ్చింది. పోయినేడు వాడూ పోయాడు. నా ఫోన్‌లో వాడి మాట ఒక్కటే మిగిలింది.

"అమ్మా, సంగటి ఉండాదా? వస్తాండా."

రోజూ వింటాను. ఆ పొద్దు మా నాయనను చూసి నవ్వినోళ్ళారా, ఆ "ఉండాది" విని ఇప్పుడు నవ్వండి, నా ముందర నిలబడి నవ్వండి చూస్తాను.