చలిగాలి కారు తిమ్మన్న

తిమ్మన్న చివరిగా చేసిన పని పాలవాడి సైకిలును తిట్టడం. పొద్దున్నే వాకిట్లో వేపపుల్ల నములుతూ, "నీ చెయిను వదులైందప్పా, పాలతో సహా ఏ మోరీలోనో పడేస్తాది చూడు" అన్నాడు. పాలవాడు నవ్వి పోయాడు. తిమ్మన్న నోరు పుక్కిలించి లోపలికొచ్చి మంచం మీద ఒరిగాడు. భార్య మారమ్మ కాఫీ తెచ్చేసరికి మనిషి లేడు.

యంత్రం ఏదైనా సరే, దాని మూలుగు వింటే ఊరుకోలేని మనిషి. పిండిమిల్లు ముందు నిలబడి బెల్టు చప్పుడు వింటూ, జొన్నలు పట్టించడం మరిచి సంచీతో ఇంటికి తిరిగొచ్చిన రోజులున్నాయి.

అరవైల మొదట్లో సండూరు కొండల్లో ఖనిజం లారీ తోలుతున్న అతన్ని గని యజమాని రామసుబ్బప్ప తన కారుకు మార్చుకున్నాడు. మదరాసులో ఎవరో దొర అమ్ముకుని పోయిన అమెరికా కారు అది. లోపల చలిగాలి వీస్తుంది. లారీ రోజుల్లో తిమ్మన్న ఎర్రదుమ్ము దగ్గుకుంటూ ఎప్పుడో వారానికొకసారి ఇల్లు చేరేవాడు. ఘాటు రోడ్డులో ఏ మలుపు మింగేస్తుందోనని మారమ్మకు నిద్ర ఉండేది కాదు. కారు వచ్చాక రోజూ రాత్రి కంచం ముందు కూర్చుంటున్నాడు. ఆ కారు మీద ఆమెకున్న ప్రేమంతా అందుకే.

"ఆ చలి యాణ్ణుంచి వస్తాది?" అని ఒకరోజు అడిగింది.

"బానెట్టు కింద రెండు రేకులుండాయి, మన రొట్టె పెనాల మాదిరి. ఒగటి ఇంజనుతో తిరుగుతానే ఉంటాది. ఇంకోటి ఊరికే ఉంటాది. మీట నొక్కితే కరెంటొచ్చి రెండూ టక్కుమని కరుచుకుంటాయి. కలిసి తిరిగితే చలి పుడుతుంది."

"విడిపోతే?"

"యజమానికి చెమట, నాకు లారీ."

కరుచుకుని ఉండాల్సిన జంట అని వినగానే మారమ్మ మనసు అక్కడే చిక్కుకుంది. శుక్రవారం అన్నం క్యారియరు తీసుకుని కారు షెడ్డుకు పోయినప్పుడు, తిమ్మన్న కాళ్లు కడుక్కోను పోయిన అదను చూసి, కుంకుమను ఆముదంలో తడిపి, తెరిచి ఉన్న బానెట్టు కింద ఆ రెండు రేకులూ కలిసే చోట నిండుగా బొట్టు పెట్టింది. గడపకూ పొయ్యికీ విసుర్రాయికీ శుక్రవారం బొట్టుంటుంది. కూడు పెట్టే కారుకు ఉండొద్దా? అతనికి మాత్రం చెప్పలేదు. దేవుడి మాట ఎత్తితే చాలు, "మీ దేవుడు పంక్చరేస్తాడా?" అని ఎగతాళి చేస్తాడు.

సోమవారం హొసపేట దారిలో కారు చల్లగా మొదలై, కాసేపటికే కీచుమని అరిచి, మాడువాసన కొట్టి, వేడిగాలి ఊదింది. రేకులు పట్టుకోకుండా జారుతున్నాయి. రామసుబ్బప్ప చొక్కా పిండుకుంటూ దిగాడు.

"ఏమప్పా తిమ్మన్నా, చలిగాలి కారని చెప్పి ఇడ్లీపాత్రలో కూర్చోబెట్టినావు కదప్పా! ఈ ఆయితారం బొంబాయి సేట్లు వస్తాండారు. అప్పటికి సరిచేసినావా సరి, లేకుంటే కారు అమ్మేస్తా. నువ్వు మళ్లా లారీ ఎక్కు."

ఆ వారం రాత్రి భోజనాలన్నీ రేకుల ముచ్చటే. బెల్టు వదులైందేమోనని బిగించాడట, లాభం లేదు. తీగకు చిన్న బల్బు తగిలించి చూస్తే కరెంటు నిండుగా ఉందట. రేకుల మధ్య ఎడం ఎక్కువైందేమోనని పాత బ్లేడు దూర్చి చూశాడట, అదీ సరిగ్గానే ఉంది. గుడ్డతో తుడిస్తే ఎర్రగా వచ్చిందట. సండూరులో ఏది తుడిస్తే ఎర్రగా రాదు? ఖనిజం దుమ్మే అనుకున్నాడు.

వింటున్నకొద్దీ మారమ్మకు దిగులు పెరిగింది. బొట్టు చాల్లేదనుకుంది. క్యారియరుతో పోయినప్పుడల్లా ఇంకొంచెం కుంకుమ, ఇంకొంచెం ఆముదం. ఆమె ఎంత మొక్కితే రేకులు అంత జారాయి. అవి ఎంత జారితే ఆమె అంత మొక్కింది.

"ఏందే మారమ్మా, నిన్న నింపిన ఆముదం గిన్నె అప్పుడే ఖాళీ! తలకు పూస్తాండావా, తాగుతాండావా?" అంది పక్కింటి దుర్గక్క.

"మొక్కుబడి ఉండాదిలే అక్కా."

గురువారం రాత్రి ఆమె వంగి ముద్ద వడ్డిస్తుంటే, తిమ్మన్న ఆమె వేళ్ల దగ్గర ఆముదం వాసన పీల్చి, గోటి చుట్టూ ఉన్న ఎరుపు చూశాడు. తర్వాత మజ్జిగ పోసుకున్నాడు.

శుక్రవారం ఆమె పోయేసరికి రేకులు తళతళమంటున్నాయి. వాటి నడిమి నట్టు మీద మాత్రం బొట్టు గుండ్రంగా నిలిచి ఉంది. వేలితో తాకితే అంటలేదు. అమ్మవారే జరిగి నడుమ కూర్చుందనుకుంది. అమ్మవారు తీసుకున్న బొట్టు మీద మళ్లీ పెట్టడం తప్పని, దండం పెట్టుకుని గిన్నె మూసుకుని వచ్చేసింది.

ఆదివారం బొంబాయి సేట్లు ముక్కులు తుడుచుకుంటూ కారు దిగారు. రామసుబ్బప్ప శాలువా కప్పుకుని, "రోంత తగ్గించప్పా, జలుబు చేస్తాండాది" అన్నాడు.

కారు ఉండిపోయింది. ఆ బొట్టు కూడా ఏళ్లతరబడి చెదరలేదు. మారమ్మ ఆ మహిమ వీధంతా చెప్పుకునేది. తిమ్మన్న పక్కనే కూర్చుని, "ఆ, మీ అమ్మవారు పెద్ద మెకానిక్కు" అంటూ రొట్టె నమిలేవాడు.

తిమ్మన్న దినాల నాడు హుసేనప్ప వచ్చాడు. అతను రామసుబ్బప్ప దగ్గరే లారీ డ్రైవరు, తిమ్మన్నకు షెడ్డులో జతగాడు. దుర్గక్క బొట్టు సంగతి ఎత్తగానే తల గోక్కున్నాడు.

"వదినా, ఇంగ చెప్పొచ్చులే. ఆముదం తగిలితే ఆ రేకులు పట్టుకోవు. ఆ శుక్రవారం తిమ్మన్న తెల్లారకముందే వచ్చి పెట్రోలుతో కడిగినాడు. నట్టు మీది బొట్టు నువ్వు పెట్టింది కాదు. లారీలకు నంబర్లు రాసే ఎర్ర పెయింటు. డబ్బా నేనే పట్టుకున్యా."

తిమ్మన్న పోయాక మారమ్మ మొదటిసారి నవ్వింది.

"నన్ను ఎర్రిదాన్ని చేసి, ఇద్దరూ బాగా నవ్వుకున్యారన్నమాట."

"నేను నవ్వినా వదినా. తిమ్మన్న నవ్వలేదు. చెప్పులిడిసి, చేతులు కడుక్కొని, అప్పుడు పెట్టినాడు."